ఆర్థర్ గారి దురద

శనివారం ఉదయం నెవిల్ స్ప్రౌల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదికల్లా ఆర్థర్‌కి స్నానం, పదిన్నరకల్లా నూనె రాయడం, పదకొండుకల్లా టీవీ ముందు కాళ్ళు చాపుకుని క్రికెట్. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. వేళకి బయల్దేరి వేళకి చేరడం ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయింది. అరవై మంది పిల్లల్ని జోరువానలో ఇళ్ళకి చేర్చినవాడికి ఒక కుక్కని తొట్టిలో ముంచి తియ్యడం ఓ లెక్కా అనుకున్నాడు.

ఆర్థర్ అంటే వాళ్ళ కుక్క. తెల్లటి పొట్టి వెంట్రుకలు, పీపాలాంటి ఛాతీ, పుట్టిన రోజు నుంచే పింఛను పుచ్చుకుంటున్నట్టుండే మొహం. ఆ మొహం చూసే నెవిల్ భార్య గ్లెండా ఆ పేరు పెట్టింది. ఆ ఇంట్లో వాణ్ణి ‘అది’ అన్నవాళ్ళు లేరు. వయసు పదకొండేళ్ళు. కుక్కకి ఒక ఏడాదంటే మనిషికి ఏడేళ్ళని ఎవరో చెప్పిన దగ్గర్నుంచి, ఎవరడిగినా నెవిల్ వాడి వయసు డెబ్బై ఏడనే చెప్పేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా అవతలివాళ్ళు నవ్వుతారు. అందుకని మానలేదు.

వసంతం మొదలయ్యాక ఆర్థర్‌కి దురద పట్టుకుంది. పొట్ట కింద చర్మం ఎర్రగా కందిపోయింది. వేళ్ళ సందులు నాకి నాకి పుండ్లు చేసుకున్నాడు. రాత్రిళ్ళు గ్లెండా పక్కన చేరి గోక్కుంటుంటే మంచం నాలుగు కోళ్ళూ దరువేసేవి. పశువుల డాక్టరు పక్క ఊరి నుంచి బుధవారాలు మాత్రమే వస్తాడు. ఫోన్ చేస్తే, అందాకా ఓట్స్ పొడి కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించమన్నాడు. పాదాలకి కాస్త కొబ్బరినూనె రాసి, గోక్కోకుండా ఒంటికో పాత చొక్కా, కాళ్ళకి సాక్సులు తొడగమన్నాడు. మనుషుల మందులు మాత్రం ముట్టుకోవద్దన్నాడు. గ్లెండా అదంతా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

ఆ రోజు ఆమె బొంతల పోటీకి వెళ్తోంది. పోటీ జరిగే పట్నం గంటన్నర దూరం. రెండేళ్ళు కూర్చుని కుట్టిన బొంతని పసిపిల్లని పడుకోబెట్టినట్టు కారు వెనక సీటులో పడుకోబెట్టి, కిటికీ లోంచి తల బయటపెట్టింది.

"చూడు నెవ్, ఓట్స్ డబ్బా ఖాళీ. మందుల షాపులో స్నానానికని పొడి పొట్లాలు అమ్ముతారు, తెచ్చుకో. ఒక్క పొట్లమే వెయ్యాలి. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. వింటున్నావా?"

"గ్లెండా, నేను అరవై మంది పిల్లల్ని..."

"వాళ్ళకి నువ్వు స్నానాలు చేయించలేదు కదా! సాయంత్రం నేనొచ్చేసరికి వాడు గోక్కుంటూ కనపడ్డాడా, ఇద్దరూ షెడ్డులో పడుకుందురు గాని."

మందుల షాపులో టామ్సిన్ అనే అమ్మాయి ఉంది. ఆ ఊరికి వచ్చి మూడు వారాలైంది. చదువు పూర్తయి ఇదే మొదటి ఉద్యోగం కావడంతో, వచ్చిన ప్రతి రోగినీ క్షుణ్ణంగా ప్రశ్నించి గాని మందు ఇవ్వదు. నెవిల్ వెనకాల వరసలో వాల్మే పెచ్ నిలబడి ఉంది. చర్చి తరఫున రోగుల్నీ ముసలివాళ్ళనీ పరామర్శించే మహిళా సంఘానికి ఆమె అధ్యక్షురాలు. ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా థర్మామీటరు కంటే ముందు ఆమెకే తెలుస్తుంది. కుక్కలంటే పడదు గనక వీధిలో ఏ కుక్క ఎదురైనా ఆ పక్కకి దాటడమే తప్ప, దాని పేరేమిటని అడిగిన పాపాన పోలేదు.

"ఆర్థర్‌కి ఒళ్ళంతా దురదమ్మాయ్," అన్నాడు నెవిల్. "స్నానానికి ఓట్స్ పొడి ఇస్తావా?"

"ఆయన వయసెంతండీ?"

"డెబ్బై ఏడు." నెవిల్ నవ్వు కోసం ఆగాడు. టామ్సిన్ నవ్వలేదు, రాసుకుంది.

"స్నానం ఆయనే చేస్తారా, ఎవరైనా సాయం చేస్తారా?"

"వాడా? ఎత్తి తొట్టిలో పడెయ్యాలి. కిందటిసారి చెయ్యి కరిచాడు. గొట్టం పెట్టి పెరట్లోనే కడిగిపారేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు."

టామ్సిన్ కలం ఆగింది. "మాత్రలేమన్నా వాడుతున్నారా?"

"ఇస్తే ఉమ్మేస్తాడు. జున్నుముక్కలో పెట్టి, నోరు తెరిచి, మింగేదాకా గొంతు నిమరాలి. లేకపోతే నా వల్ల కాదు."

"ఎక్కడ పడుకుంటారు?"

"మామూలుగా అయితే మా ఆవిడ పక్కన," అన్నాడు నెవిల్ దాపరికం లేకుండా. "ఈ గోకుడు ఎక్కువయ్యాక, నిన్న రాత్రి మాత్రం బట్టలుతికే గదిలో పెట్టి గొళ్ళెం వేశాం. తెల్లవార్లూ తలుపు గీరుతూ ఒకటే ఏడుపు."

వెనకాల వాల్మే పెచ్ చేతిలోని దగ్గుమందు సీసా గట్టిగా పట్టుకుంది.

"డాక్టరుకి చూపించారా?" అంది టామ్సిన్.

"బుధవారం. ఆయనంటే వీడికి గిట్టదు. మూతి కట్టి తీసుకెళ్ళాలి." పొట్లాలు మూడు తీసుకుని నెవిల్ ఈలవేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు టామ్సిన్ ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసింది. వాల్మే ఆగుతుందా? ఆర్థర్ అంటే గ్లెండాకి బాబాయో మేనమామో అయ్యుండాలని షాపు గుమ్మం దాటేలోపే తేల్చేసింది. ఇంటికి వెళ్ళేలోపు నలుగురు సభ్యురాళ్ళకి చెప్పింది. వాళ్ళలో ఒకావిడ అప్పటికే మాంసం కూర పొయ్యి మీద పెట్టి ఉంది గనక దాన్ని ఆర్థర్‌కి కేటాయించారు. ఆ తర్వాత వాల్మే పట్నంలో ఉన్న గ్లెండాకి ఫోన్ చేసింది.

"గ్లెండా, ఆర్థర్ సంగతి మాకు తెలిసిందమ్మా," అంది, అలవాటైన పరామర్శ గొంతుతో. "నిన్ను తప్పు పట్టడం లేదు. నువ్వు మాత్రం ఎంతకని చేస్తావు? పాపం, కష్టాలన్నీ ఇవాళ్టితో తీరిపోయాయనుకో. ధైర్యంగా ఉండు."

సర్కారువాళ్ళు వచ్చి ఆ ముసలాయన్ని మంచి చోట చేరుస్తారని ఆమె ఉద్దేశం. అవతల గ్లెండా ఫోన్ పెట్టేసింది.

ఇవేవీ తెలియని నెవిల్ స్నానాలగదిలో లెక్క వేస్తున్నాడు. పొట్లం మీద తొట్టికి ఒకటి అని ఉంది. కానీ దురద మామూలు దురద కాదు. ఒకటి పని చేస్తే మూడు మూడింతలు పని చెయ్యాలి కదా? మూడూ వేశాడు. నీళ్ళు కాసేపు పాలలా, మరికాసేపు గంజిలా, ఆఖరికి ఉప్మాకి ఓ మెట్టు కిందగా తయారయ్యాయి. ఆర్థర్‌ని ఎత్తి అందులో దింపితే వాడు ముందు మూలిగాడు. తర్వాత ఒకసారి వాసన చూశాడు. ఆ తర్వాత మూతి ముంచి, మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. నెవిల్ మోచేత్తో స్పీకరు నొక్కాడు.

"స్ప్రౌల్ గారా? ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు బెవ్ లార్కమ్‌ని. ఆర్థర్ గారు ఎలా ఉన్నారు?"

మందుల షాపు వాళ్ళు ఈమధ్య బాగా శ్రద్ధ తీసుకుంటున్నారే అనుకున్నాడు నెవిల్. ఆ ‘గారు’ ఆయనకి ఎంతో నచ్చింది. "తొట్టిలోనే ఉన్నాడండీ. చిక్కల్లా ఏమిటంటే, ఆ నీళ్ళన్నీ తాగేస్తున్నాడు."

"స్నానం చేసిన నీళ్ళా?"

"పావు తొట్టి లాగించాడు. తల ఎత్తబోతే గుర్రుమంటున్నాడు."

"ఆయనతో ఒక్కసారి నేను మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి, వింటాడు. ఆగండాగండి... ఇప్పుడు వాడి నోట్లో నా సాక్సు ఉంది."

"నోట్లో సాక్సు ఎవరు పెట్టారు?"

"నేనెందుకు పెడతానండీ? వాడే లాక్కున్నాడు. ఇప్పుడు తియ్యబోతే వేలు పోతుంది."

"స్ప్రౌల్ గారూ," అంది బెవ్, ఒక్కొక్క మాటా విడివిడిగా. "మీరింకేం చెయ్యకండి. నేను బయల్దేరాను."

శనివారం పూట ఇంటికొచ్చి చూస్తానన్న ఆ తల్లి మంచితనానికి నెవిల్ కరిగిపోయాడు. నర్సు వచ్చేసరికి పేషెంటు శుభ్రంగా కనపడాలని చేతులు వేగంగా కదిలించాడు. కొబ్బరినూనె పాదాలకి కాస్త అని కాగితంలో ఉంది. సీసా అంతా వేడిచేసి నఖశిఖపర్యంతం పట్టించాడు. పాత చొక్కా అని ఉంది. తన చొక్కాలన్నీ ఆర్థర్ కాళ్ళ కిందకి జీరాడుతుండటంతో గ్లెండా నీలంపువ్వుల పైజమా చొక్కా తొడిగి, మెడ దాకా బొత్తాలు పెట్టాడు. నాలుగు కాళ్ళకీ నాలుగు సాక్సులు వేసి పైన అంటుకునే పట్టీ చుట్టాడు. ముస్తాబంతా అయ్యాక ఆర్థర్ అద్దంలో తనని తాను చూసుకున్నాడు. ఆ చూపులో ఏదో నిర్ణయం కనపడింది.

తొట్టి అడుగున ఓట్స్ గడ్డకట్టి నీళ్ళు పోవడం లేదు. నెవిల్ చెయ్యి పెట్టి కెలుకుతుండగా వీధి గుమ్మం గంట మోగింది. అదే అదనని ఆర్థర్ దూకాడు. నూనెలో నానిన సాక్సు కాళ్ళతో వంటగది ఈ గోడ నుంచి ఆ గోడకి జారి, పెరటి తలుపు తోసుకుని, కంచె కింద సందులోంచి మాయమైపోయాడు. పట్టుకోబోయిన నెవిల్ అదే నూనె మీద కాలేసి, అదే దారిన జారి, ఫ్రిజ్ దగ్గర ఆగాడు.

కుంటుకుంటూ వెళ్ళి వీధి తలుపు తీస్తే ఎదురుగా నర్సు బెవ్, ఆమె పక్కన టోపీ సర్దుకుంటూ కానిస్టేబుల్ డారెన్ పిక్. వాళ్ళ వెనకాల కూరగిన్నె పట్టుకుని వాల్మే, ఆమె సంఘం. డారెన్ చిన్నప్పుడు నెవిల్ బస్సులోనే బడికి వెళ్ళేవాడు. పదేళ్ళు ఎక్కడెక్కడో పనిచేసి పోయిన నెలే సొంత ఊరికి బదిలీ అయ్యాడు.

"ఆర్థర్ ఎక్కడ?" అంది బెవ్.

నెవిల్ ఒంటి నిండా గంజి. కళ్ళనిండా నీళ్ళు. "పారిపోయాడండీ. కంచె కింద నుంచి దూరి పోయాడు."

"డెబ్బై ఏడేళ్ళ మనిషి కంచె కింద నుంచి పాకాల్సి వచ్చిందంటే," అంది వాల్మే, తన సంఘం వైపు తిరిగి, "ఏం అనుభవించాడో!" ఆ మాట నెవిల్ చెవిన పడలేదు. అప్పటికే డారెన్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి పుస్తకం తీశాడు.

"నెవిల్ గారూ, కంగారు పడకండి. ఒంటి మీద ఏమేం ఉన్నాయి?"

"గ్లెండా పైజమా చొక్కా. నీలంపువ్వులది. కాళ్ళకి సాక్సులు."

"కింద?"

"కింద ఏముంటుందిరా? ఏమీ లేదు. ఒళ్ళంతా నూనె ఉంది."

డారెన్ అది కూడా రాసుకున్నాడు. "జుట్టు?"

"తెల్లగా, పొట్టిగా ఉంటుంది. ఎడమ చెవి కొస లేదు. పక్కింటి పిల్లి కొరికేసింది."

"పిల్లి," అని రాసుకున్నాడు డారెన్. "కొత్తవాళ్ళు కనపడితే ఎలా ఉంటాడు?"

"బంగారమే. మీదపడి మొహం నాకుతాడు, అంతే. సైకిలు మీద వెళ్ళేవాళ్ళయితే మాత్రం కాస్త వెంటపడతాడు."

డారెన్ వైర్‌లెస్‌లో వరద దళాన్ని పిలిచాడు. వరదలు లేని రోజుల్లో ఆ దళానికి తాళ్ళ ముళ్ళు వేసుకోవడం తప్ప పనుండదు. పావుగంటలో నారింజరంగు దుస్తుల్లో పన్నెండుమంది, మందపాటి చేతితొడుగులతో, పెద్ద పెద్ద సంచులతో దిగిపోయారు. వాగు గట్టు కొందరు, రైలు పట్టాలు కొందరు పంచుకున్నారు. మహిళా సంఘం వీధివీధికీ వెళ్ళి "ఆర్థర్! బాబూ ఆర్థర్! నిన్నెవరూ ఏమీ చెయ్యరు నాయనా!" అని పిలవడం మొదలుపెట్టింది.

నెవిల్ మెట్టు మీద కూర్చుని ఇదంతా చూశాడు. ఆయన గుండె ఉప్పొంగిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఈ ఊరిని మనసులో ఎన్ని మాటలన్నాడు! పిసినారులన్నాడు, గోడకి చెవులంటించుకుని బతికేవాళ్ళన్నాడు. ఇవాళ తన ఆర్థర్ కోసం పన్నెండుమంది వాగూ పట్టాలూ గాలిస్తున్నారు. కుక్కల్ని చూస్తే ఆమడ దూరం పోయే వాల్మే కూడా గొంతు బొంగురుపోయేలా పిలుస్తోంది. బెవ్ టీ కలిపి ఇస్తే ఆయన కప్పు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నేను మూడు పొట్లాలు వెయ్యకుండా ఉండాల్సిందండీ," అన్నాడు.

బెవ్, డారెన్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పన్నెండు కావస్తుండగా గ్లెండా కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పోటీ తీర్పు చెప్పకముందే గోడ మీద నుంచి బొంత దింపుకుని వచ్చేసింది. దారంతా ఏడ్చినట్టు మొహం ఉబ్బిపోయి ఉంది. ఇంటి ముందు పోలీసుని, నర్సుని, కూరగిన్నెని చూసేసరికి ఆమెకి మిగిలిన ఆ కాస్త ఆశ కూడా పోయింది. నేరుగా భర్త దగ్గరికి వెళ్ళి చొక్కా పట్టుకుంది.

"ఎక్కడ పాతిపెట్టావు వాణ్ణి? నేనొచ్చేదాకా ఆగలేకపోయావా నెవ్?"

డారెన్ టీ కప్పు నెమ్మదిగా గోడ మీద పెట్టాడు.

"పాతిపెట్టడమేమిటే? పారిపోయాడు!"

"అబద్ధం చెప్పకు! పొద్దున్నే పోయాడని వాల్మే ఫోన్ చేసింది."

"నేను పోయాడని అనలేదు!" అంది వాల్మే. "కష్టాలు తీరాయన్నాను!"

"నెవిల్ గారూ," అన్నాడు డారెన్. "మనం స్టేషన్‌కి వెళ్ళి మాట్లాడుకుందాం. బస్సులో నన్నెప్పుడూ ఏమీ అనలేదు మీరు. కానీ నా ఉద్యోగం..."

ఆ క్షణాన అతని భుజం మీద వైర్‌లెస్ గరగరలాడింది. వాగు దగ్గర ఉన్నవాడి గొంతు.

"డారెన్, ముసలాయన జాడ లేదు. ఆయన చొక్కా మాత్రం దొరికింది."

"ముట్టుకోవద్దు! అది సాక్ష్యం. ఎక్కడుంది?"

"అంటే..." అవతలి గొంతు తటపటాయించింది. "ఒక కుక్క వేసుకుని ఉంది."

"కుక్క వేసుకుందా?"

"బొత్తాలు కూడా పెట్టుకుంది. నాలుగు సాక్సులు. దగ్గరికి వెళ్తే మొహం నాకుతోంది."

"ఆర్థర్!" అని గ్లెండా వేసిన కేకకి పక్కింటి పిల్లి ఇంటి కప్పెక్కింది.

వాణ్ణి తీసుకొచ్చేసరికి వీధి వీధంతా గుమ్మాల్లో ఉంది. ఆర్థర్ ఇద్దరు నారింజరంగు మనుషుల మధ్య, పైజమా చొక్కాలో, వాగు బురదతో, ఊరేగింపులో పెళ్ళికొడుకులా నడిచి వచ్చాడు. గ్లెండా కారు తలుపు లాగి, రెండేళ్ళు కుట్టిన బొంత తీసి, నూనె కారుతున్న ఆ కుక్కని అలాగే అందులో చుట్టి ఒళ్ళోకి తీసుకుంది.

ముందు నవ్వింది బెవ్. నడుం పట్టుకుని, గోడకి ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

"నేను ఇరవై మంది చేత ప్రార్థన చేయించాను," అంది వాల్మే, మొహం కందగడ్డలా చేసుకుని.

"ఫలించింది కదండీ," అంది బెవ్. తర్వాత సంచీ తెరిచింది. "ఆర్థర్ గారిని చూడటానికి వచ్చాను. చూసే వెళ్తాను."

పొట్ట చూసింది, వేళ్ళ సందులు చూసింది, చంకలు చూసింది. "నేలకి ఆనే చోటే కందింది. పగలు ఎక్కడ పడుకుంటాడు వీడు?"

నెవిల్‌కి కొంచెం ఊపిరొచ్చింది. ఇంటి వెనక, నీళ్ళ ట్యాంకు నీడలో తాను పెంచిన చోటికి అందర్నీ తీసుకెళ్ళాడు. గడ్డి కొయ్యక్కర్లేకుండా నేలంతా కప్పేసిన మెత్తటి పచ్చటి తీగ, తెల్లటి చిన్న పూలు. మధ్యలో కుక్క ఆకారంలో గుంట పడి ఉంది. "పట్టుపరుపులాగా ఉండదూ? ఎండాకాలం వాడికి చల్లగా ఉంటుందని నేనే పెంచాను. రోజూ రెండు బకెట్లు పోస్తాను," అన్నాడు.

బెవ్ ఆయన మొహంలోకి జాలిగా చూసింది. "స్ప్రౌల్ గారూ, మా చెల్లెలి కుక్కకి కూడా ఇదే తీగతో దురద పట్టింది. ఈ ఆకు రసం తగిలిందంటే చాలా కుక్కలకి ఒళ్ళు మండిపోతుంది. మీరు దురదకి రోజూ నీళ్ళు పోసి పెంచుతున్నారు. బుధవారం డాక్టరుకి చూపించండి గాని, ముందు దీన్ని పీకించండి. ఒక్క కణుపు మిగిలినా మళ్ళీ లేస్తుంది."

గ్లెండా చూసిన చూపు ముందు నెవిల్ ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఎందుకూ కొరగాలేదు.

పీకాలంటే ఒక మనిషికి వారం పని. కానీ చేతితొడుగులు వేసుకున్న పన్నెండుమంది, ఖాళీ సంచులతో, వెతకడానికి ఎవరూ లేక అక్కడే నిలబడి ఉన్నారు. వాళ్ళ నాయకుడు ఒకసారి తీగని, ఒకసారి సంచుల్ని చూసి, "వచ్చాం కదా," అన్నాడు. రెండింటికల్లా నేల నున్నగా బయటపడింది. మాంసం కూర అందరికీ సరిపోలేదు గాని, వాల్మే మొదటి ముద్ద ఎవరూ చూడటం లేదనుకుని ఆర్థర్‌కే పెట్టింది. ఆ తీగ ఇరవై సంచులైంది. అంత పీకినా ఎవరికీ ఏమీ కాలేదు, తొడుగులు లేకుండా సాయం చెయ్యబోయిన నెవిల్‌కి తప్ప. సాయంత్రానికి ఆయన మోచేతుల దాకా దద్దుర్లు లేచాయి.

"ఫ్రిజ్ మీద కాగితం ఉంది," అంది గ్లెండా, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. ఆర్థర్ ఆమె ఒళ్ళో బొంతలో వెల్లకిలా పడుకుని, ఎన్నో రాత్రుల తర్వాత మొదటిసారి, గోకడమన్న మాటే మరిచి నిద్రపోతున్నాడు.

తప్పిపోయిన మనిషి పేరు ఒకసారి పోలీసు కంప్యూటరులో ఎక్కించాక తీసెయ్యడానికి వీల్లేదట, ముగింపు రాయాల్సిందేనట. డారెన్ పిక్ సోమవారం పొద్దున్నంతా ఆలోచించి, ఆర్థర్ స్ప్రౌల్ క్షేమంగా దొరికాడనీ, అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పలేదు గాని అధికారి మొహం నాకి పూర్తిగా సహకరించాడనీ రాసి సంతకం చేశాడు.